దస్తగిరి తోమిన రాగిరేకు

దస్తగిరిది జమ్మలమడుగులో గిన్నెలకు కళాయి పోసే ఇల్లు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు ఊళ్లోని మ్యూజియం గదిలో బంట్రోతు పని దొరికినా, చేతికి పాత అలవాటు పోలేదు. ప్రతి గురువారం చింతపండు, బూడిద తెచ్చుకొని, గొంతుక్కూచుని, రాజుల నాటి శాసనం చెక్కిన రాగిరేకును ముఖం కనబడేలా తోముతాడు. చదువు రాదు కనుక అక్షరాలను బొటనవేలితో తడిమి, సలాం చేసి లోపల పెడతాడు. ఏటికేడు రేకు నున్నగా తగులుతుంటే తన పనితనమే అనుకున్నాడు.

పదేళ్లకు ప్రొద్దుటూరులో మ్యూజియం సిబ్బందికి మూడు రోజుల శిక్షణ పెట్టి, ఒక్కో వస్తువు తెమ్మన్నారు. దస్తగిరి రేకును కొత్త తువాలులో చుట్టి, ఒళ్లో పెట్టుకొని బస్సెక్కాడు. పాఠం చెప్పే త్రివిక్రమరావు దేంతో తోముతున్నావని అడిగి, భూతద్దం పెట్టి అక్షరాల కోసం చాలాసేపు వెతికాడు.

"పచ్చటి చిలుము మురికి కాదు దస్తగిరీ. రాగిని కాపాడే పొర. బూడిదతో అది పోయింది, అక్షరాలూ అరిగిపోయాయి. దీనికి నకలుందా?"

"లేదు సార్."

చుట్టూ అందరూ చిలుము సంగతి నోట్సులో రాసుకుంటున్నారు. దస్తగిరి బొటనవేలు రేకు ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. ఎక్కడా ఆగలేదు.

"నాకే సదవను రాదనుకుంటి సార్," అన్నాడు. "ఇంగ సదువుకున్నోళ్లకూ లేకుండా జేస్తి."