ఎవరిదీ కాని మోటరు

మీటింగు అనే మాట వింటే ఇప్పటికీ నా ముక్కుకు చల్లారిన సమోసాల నూనె వాసన తగులుతుంది. జనగామలో గుమాస్తాగా చేరి, భూపాలపల్లిలో కొన్నేళ్లు పనిచేసి, మహబూబాబాద్‌లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఏ రోజుది ఆ రోజు డైరీలో రాసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. మీటింగు ఉన్న రోజు మాత్రం పేజీలో నాలుగు వరుసలు నిండడం కష్టమయ్యేది. రాయడానికి ఏం జరిగిందని?

జనగామలో ఒక అధికారి ఉండేవాడు. కుర్చీలో కూర్చోగానే, "ఇయ్యాల మనం లేచేటాల్లకు ఏం తేలాలె? ఒక్క ముక్కల చెప్పుండ్రి" అనేవాడు. ఎవరూ చెప్పలేకపోతే, పోయి పని చూసుకొమ్మనేవాడు. అందరు అధికారులూ అలాగే ఉంటారనుకునే వయసు నాది. భూపాలపల్లికి పోయాక తెలిసింది. అక్కడ ఒకసారి పూటంతా కూర్చుని, మళ్లీ ఎప్పుడు కూర్చోవాలో మాత్రం తేల్చుకుని లేచాం.

మహబూబాబాద్‌లో జరిగింది ఇంకా ఘోరం. గంగారం దాటి అడవిలో మా ఆఫీసు కింద ఒక బాలికల హాస్టల్ ఉండేది. ఎండలు మొదలవుతుండగా అక్కడి బోరు మోటరు కాలిపోయింది. బోరు వేసింది ఒక శాఖ, మోటరు బిగించింది ఇంకో శాఖ. బాగుచేసే పని మాది కాదంటే మాది కాదని ఇద్దరు ఇంజనీర్లూ తప్పుకున్నారు. పిల్లలు రోడ్డు దాటి ఒక రైతు బావి నుంచి బిందెలతో నీళ్లు మోసేవాళ్లు. "పదో తరగతోళ్లకు పరీక్షలు దగ్గరవడ్డయి సార్. పుస్తకం వట్టే టైమే లేదు" అని వార్డెన్ రోజూ ఫోన్ చేసేది. తండాలో పుట్టి, అలాంటి హాస్టల్లోనే చదువుకుని వచ్చిన మనిషి ఆమె.

ఆ నెల అన్ని శాఖలూ కలిసే మీటింగుకు నేను ఒకే ప్రశ్న రాసి మా పెద్దసారు ముందు పెట్టాను. హాస్టల్ మోటరు ఏ శాఖ బాగుచేస్తుంది, ఏ రోజుకల్లా?

"గింతేనా?" అన్నాడాయన. "మీటింగన్నంక జర నిండుగ కనవడాలె గద." ఇంకా బోలెడు అంశాలు చేర్పించాడు. మోటరు జాబితా అడుగుకు జారింది.

మీటింగు రోజు ముందు వేదిక మీదికి పిలుపులు. పిలవడం మరిచిన ఒకాయన అలిగి వెనక వరుసలో కూర్చుంటే, ఇద్దరు పోయి బతిమాలి తెచ్చారు. తర్వాత శాలువాలు. పెద్దసారుకు ఏదో ప్రశంసాపత్రం వచ్చిందట. ఆ శాలువాలు మా బీరువాలోవే. కప్పడం, ఫొటో దిగడం, మడిచి మళ్లీ బీరువాలో పెట్టడం. ఎవరెవరి చెమటో అంటుకుని కంపు కొట్టేవి. ఫొటో సరిగా రాలేదని ఆ రోజు పెద్దసారుకు రెండోసారి కప్పారు. ఆ తర్వాత ఒక్కొక్క శాఖ తన ప్రగతిని చదువుతూ పోయింది. మోటరు దాకా రాకముందే భోజనాల వేళయింది.

ఇంజనీర్లిద్దరూ పక్కపక్కన నిలబడి కోడికూర తింటున్నారు. మీటింగుకు వచ్చిన వార్డెన్ వాళ్ల దగ్గరికి పోయింది.

"సార్, మీ ఇద్దర్ల ఎవరన్న ఒకరు, మోటరు మాది కాదని కాయితం మీద రాసియ్యుండ్రి. గది వట్టుకొని రెండో సారు ఎంబడి పడత."

"గట్ల ఎవలన్న రాసిస్తరా అక్కా?" అన్నాడు పెద్ద ఇంజనీరు. "మీటింగుల పెట్టిండ్రు గద, మీటింగులనే తేలుతది."

"మీటింగెక్కడున్నది సార్? మీరు బొక్కలు చీకుతున్నరు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "అక్క గరమైతున్నది, జర లెగ్‌పీసు ఎయ్యుండ్రి" అన్నాడు చిన్న ఇంజనీరు. ఖర్చు ఇద్దరూ చెరి సగం పెట్టుకోండయ్యా అని నేను కల్పించుకున్నాను. "నువ్వు రేపోమాపో దిగిపోయేటోనివి పెద్దమనిషీ, నీకెందుకు గీ పరేషాన్?" అని పెద్ద ఇంజనీరు మూతి తుడుచుకున్నాడు. భోజనాలయ్యాక హాల్లో సగం కుర్చీలు ఖాళీ. మోటరు ఊసే రాలేదు.

కొద్ది రోజులకే రైతు బావి కూడా అడుగంటింది. పిల్లల్ని ఇళ్లకు పంపించమని పెద్దసారు ఆదేశమిచ్చాడు. పదో తరగతి పిల్లలు పోమని ఏడ్చారట. ఇద్దరి తల్లిదండ్రులు మిర్చి ఏరే పనికి ఖమ్మం వైపు పోతూ, పిల్లల్నీ వెంట తీసుకుపోయారు.

మళ్లీ మీటింగు పరీక్షలకు ముందటి శనివారం వచ్చింది. ఈసారి హాస్టల్ నీటి సమస్య పరిష్కారమైందని చదివారు. పిల్లలే లేనప్పుడు సమస్య ఎక్కడిది? కొందరు చప్పట్లు కూడా కొట్టారు. నేను ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్నది ఇలాంటి మనుషుల మధ్యనా అనిపించింది.

వార్డెన్ లేచి సంచిలోంచి రెండు హాల్‌టికెట్లు తీసి చూపించింది. "మిర్చికి పోయిన ఇద్దరు పిల్లలయి సార్ ఇవి. సోమారమే పరీక్ష. జీపు ఇయ్యుండ్రి, నేనే పోయి తోలుకొస్త."

"జీపు బిర్యానీ తేనీకి పోయింది" అన్నాడు పెద్దసారు. "తర్వాతి అంశం చదువుండ్రి."

ఆమె అక్కడి నుంచే బస్టాండుకు పోయింది. ఆదివారం రాత్రికి ఒక పిల్లను తెచ్చి, తెల్లారి పరీక్షకు కూర్చోబెట్టింది. రెండో పిల్ల ఉన్న కూలీల గుంపు అప్పటికే వేరే ఊరి చేన్లకు వెళ్లిపోయింది.