గట్టు మీది బిందె

డాక్టరు అడిగిన ఒక చిన్న ప్రశ్నకు నేను అబద్ధం చెప్పాను. పక్కనే కూర్చున్న మా వదినకు అది అబద్ధమని తెలుసు. ఆమె మాట్లాడలేదు. నేనూ ఆరేళ్లు నిజం ఎవరికీ చెప్పలేదు.

మాది ఆత్మకూరు పక్కన చిన్న ఊరు. మా అన్న పోయాక వదిన వాటా పొలం కూడా నేనే చేసేవాణ్ని. వేసేది విత్తనపత్తి. ముందురోజు సాయంత్రం ఆడ వరసల్లో మొగ్గలు ఒలిచి ఉంచి, తెల్లారి మగపూల పుప్పొడిని ఒక్కొక్కదానికీ చేత్తో అద్దాలి. ఎండ ముదిరితే అద్దినా కాయ నిలవదు. అందుకే పొద్దున ఆ కొన్ని గంటలూ ఆడవాళ్లు నడుము ఎత్తరు. వదిన కూడా వాళ్లతో ఒక సాలు పట్టేది.

నీళ్ల బిందె మొదట చేను నడుమ ఉండేది. ఒక ఏడు దాన్ని రోడ్డువైపు గట్టు మీద, తుమ్మచెట్టు కింద పెట్టాను.

"ఏం మరిదీ, బిందెను రోడ్డుకు తోలినవు? బస్సెక్కి వనపర్తి పోతదా ఏంది?" అని వదిన కేకేసింది. సాళ్లలో అందరూ నవ్వారు.

"నీడకుంటే సల్లగుంటయి వదినా."

"ఔ మల్ల. నీళ్లకున్న నీడ మాకు లేకపాయె."

నేనూ నవ్వాను. అసలు కారణం నీడ కాదు. నీళ్లు తాగడానికి ఒకసారి, తాగినందుకు ఇంకోసారి పని ఆగుతుందని నా బాధ. రెండోదానికి వాళ్లకు చాటు కూడా లేదు. ఒక పక్క రోడ్డు, మిగతా పక్కల మగవాళ్లు పనిచేసే చేలు. అది తెలిసి కూడా నేను ఒక్క గోనెపట్టా అడ్డం కట్టించలేదు. బిందె దూరమయ్యాక వాళ్లు తాగడమే మానేశారు. మధ్యాహ్నానికి బిందె నింపింది నింపినట్టే ఉండేది. అది చూసి సంతోషపడ్డాను.

వదినకు మూత్రంలో మంట మొదలైంది. వేడి చేసిందనుకుని మెంతులు నానేసుకుని తాగింది. తర్వాత నడుం నొప్పి, చలిజ్వరం. వనపర్తిలో ఒక దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు రాళ్లున్నాయన్నాడు, మూత్రపిండాల దాకా చీము పాకిందన్నాడు.

"పని దగ్గర నీళ్లు తాగుతుందా? మూత్రం ఆపుకుంటుందా?"

వదిన తల దించుకుంది. మగవాళ్ల ముందు ఆ మాట చెప్పే మనిషి కాదు.

"బిందె పక్కనే ఉంటది సార్. బాగ తాగుతది," అన్నాను నేను.

"అయితే తాగే నీళ్లు మార్చి చూడండి."

ఊరికొచ్చి నేరం మేం తాగే బోరునీళ్ల మీదికి నెట్టాను. వదిన ఇంటికి ఫిల్టరు నీళ్ల క్యాను వేయించాను. మరిదంటే ఇట్లుండాలె అని నలుగురూ మెచ్చుకున్నారు. బిందె మాత్రం గట్టు మీదే ఉంది. వదిన ఇంకో మూడు పంటలు ఆ చేలో ఎండిన గొంతుతో వంగింది.

ఇప్పుడు వారానికి రెండుసార్లు ఆమెకు డయాలసిస్. రోజుకు ఇంతకు మించి నీళ్లు తాగొద్దని డాక్టరు కొలత చెప్పాడు. సీసా మీద ఆ కొలతకు గీత నేనే పెన్నుతో గీస్తాను.

మొన్న వనపర్తి బస్సులో వదిన సీసా మూతలో నీళ్లు పోసుకుని పెదాలు తడుపుకుంటోంది. వెనక సీట్లో మా ఊరి ముసలామె చూసింది.

"జర నిండ తాగరాదు బిడ్డా. గంత పిసినారితనమా?"

"ఇప్పుడు తాగొద్దన్నరు పెద్దమ్మా. తాగాల్సిననాడు తాగకపోతి."

"ఆ పాడు బోరే నిన్ను మింగింది."

వదిన అది కాదనకుండా కిటికీ వైపు తిరిగింది. ఇంకా నన్నే కాపాడుతోంది.

"బోరు కాదు పెద్దమ్మా," అన్నాను. బస్సులో నలుగురు తిరిగి చూశారు. "వదినా, బిందె నీడకని పెట్టలే. మీరు సాలు ఇడిసి పోవద్దని పెట్టిన. డాక్టరు కాడ అబద్ధం జెప్పిన. తప్పు నాదే. నన్ను మాఫ్ చెయ్యి."