పింగాణి మీద పసుపు

అయిదేళ్లుగా ఒక పసుపు మరక నా బొటనవేలి మీద ఉంది. అది ఆ రోజే కడిగితే పోయింది. అయినా ఉంది. సుద్దముక్క పట్టుకున్నప్పుడు, అన్నం కలుపుకునేటప్పుడు, ఎవరికైనా చెయ్యి కలిపేటప్పుడు కనబడుతూనే ఉంటుంది. దాని బరువు ఎంతని అడిగితే చెప్పలేను. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, బరువుల గురించి తెలియదని కాదు.

మీరు నన్ను అడిగింది చిన్న ప్రశ్న. కరెంటు కారు కొంటున్నాం, ఇంటి దగ్గర ఏ చార్జర్ పెట్టించుకుంటే మంచిది సార్ అని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా తెలిసినవాళ్లెవరు కరెంటు కారు కొన్నా నన్నే అడుగుతారు. మా వైపు అందరికంటే ముందు కొన్నది నేనే కదా. నేను కూడా గడగడా చెప్పేస్తాను. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారు చూడండి, అలాగన్నమాట. మీకూ అలాగే చెప్పబోయాను. ఈసారి ఆ మాటలు పక్కన పెట్టి కాగితం తీసుకున్నాను. మీకు జవాబు చెప్పాలంటే ముందు ఇది చెప్పాలి.

నా పేరు మీకు తెలుసు, ఇది చదివే మిగతావాళ్ల కోసం మాత్రం రాయను. ఎల్‌బీనగర్‌లో పద్నాలుగు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్తాను. ఇంతవరకు చాలు.

ఆ కారు వచ్చిన కొత్తలో నేను నేల మీద లేను. శబ్దం లేని బండి అంటే ఏమిటో నడిపితేగాని తెలియదు. పొద్దున్నే మెట్రో స్తంభాల కింద నుంచి పోతుంటే ఒక నీడ, ఒక వెలుగు, మళ్లీ ఒక నీడ. పైన రైలు, కింద నేను, ఇద్దరం ఒకే వైపు తేలుతున్నట్టు ఉండేది. బస్సులు, ఆటోలు, హారన్లు అన్నీ ఎక్కడో దూరంగా, నిద్రలో వినబడే మాటల్లాగా ఉండేవి. నలభై ఎనిమిదేళ్ల వయసులో నాకు అలాంటి సంతోషం ఒకటి మిగిలి ఉందని అనుకోలేదు.

షాపులో చార్జర్లు రెండు రకాలు చూపించారు. ఒకటి చిన్నది. మామూలు ప్లగ్గులో పెడితే రాత్రంతా మెల్లగా నింపుతుంది. రెండోది గోడకు బిగించే తెల్లటి పెట్టె. దానికొక పచ్చ దీపం. కారుకు తగిలించగానే ఆ దీపం వెలుగుతూ, తగ్గుతూ, నిద్రపోతున్న పసిపిల్ల ఊపిరి తీసినట్టు ఉంటుంది. దాన్ని చూడడానికే దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ షాపుకు నాలుగుసార్లు పోయాను. నాకు వేగంతో ఏం పని? ఇంటి నుంచి సెంటరు మూడు కిలోమీటర్లు. చిన్న చార్జరే ఎక్కువ. కానీ నాకు ఆ దీపం కావాలి. సెల్లారులో నా కారు పక్కన, వచ్చేపోయేవాళ్లు చూసేలా. ఇది కూడా ఒప్పుకోవాల్సిందే. అసలు కథ ఇక్కడే మొదలైందేమో.

బిగించడానికి వచ్చినాయన్ని యాదగిరి అని పిలుస్తాను. అసలు పేరు అది కాదు. నల్గొండ పల్లె నుంచి వచ్చి, మా గల్లీలో ఇరవై ఏళ్లుగా కరెంటు పని చేసినవాడు. ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ మీటర్ల బోర్డు పక్కన గోడ మీద నీలం మార్కరుతో ఆయన పేరు, కింద ఫోన్ నంబరు రాసి ఉండేవి. కరెంటు పోతే జనం కిందికి దిగి ముందు ఆ నంబరే చూసేవాళ్లు. వైరుకు వేలి వెనక వైపు ఆనించి, అది ఎంత కష్టపడుతుందో చెప్పేవాడు. నేను బోర్డు మీద రాసే సూత్రాలన్నీ ఆయన వేలికి తెలుసు.

ఆయన పాత బోర్డు తెరిచి చాలాసేపు చూశాడు. "పెద్దదే కొంటిరి గద సార్. సరే. గని ఈ బోర్డు పాతది, తీగె సన్నది. ముందుగాల లోడు పెంచమని కరెంటాఫీసుల దరఖాస్తు పెట్టుండ్రి. అది వచ్చినంక కొత్త కేబులు గుంజుత, ఎర్తింగు గుంత తవ్వుత, మంచి బ్రేకరు పెడత. అప్పటిదాక సగం మీదనే నడవనియ్యిండ్రి. జల్దీ ఏమున్నది?"

పెట్టె అడుగున చిన్న రబ్బరు మూత, దాని వెనక తిప్పే ముల్లు ఒకటి ఉంది. పదహారు, ముప్పై రెండు ఆంపియర్లు అని రెండు గుర్తులు. ఆయన పదహారు మీద పెట్టి మూత మూశాడు. రేపే దరఖాస్తు పెడతానన్నాను. ఆ కాగితం రెండు నెలలు నా సంచిలో, ప్రశ్నపత్రాల మధ్య నలిగింది. ఎందుకు పెట్టలేదు? ఎంత వెతుక్కున్నా బద్ధకం తప్ప ఇంకో కారణం దొరకలేదు.

ఒక శుక్రవారం, అప్పటిదాకా వాయిదా పడుతూ వచ్చిన కారు పూజ చేయించడానికి ఊరి బయట దూరాన గుట్ట మీది గుడికి పోవాలి. పదిన్నరకు రాహుకాలం వస్తుంది, అంతలోపు బండి గేటు దాటాలని మా ఆవిడ వారం ముందు నుంచీ చెప్తూనే ఉంది. ఎనిమిదింటికి పసుపు గిన్నె పట్టుకుని సెల్లారులోకి దిగాను. చక్రాలకు, అద్దానికి, చివరికి ఆ తెల్ల పెట్టెకు కూడా బొట్లు పెట్టాను. అప్పుడు చూశాను, కారులో చార్జింగు పావు వంతే ఉంది. ముందు రోజు తగిలించడం మర్చిపోయాను. అది గుట్ట దాకా సరిపోయినా తిరిగి రావడానికి సరిపోదు. పదహారు మీద నింపితే మధ్యాహ్నం దాటుతుంది.

నేను మూత తీసి ముల్లు తిప్పాను.

పది నిమిషాలకు ఫ్యూజు పోయింది. అప్పుడైనా ఆగొచ్చు కదా. అది ఆగమని చెప్పడమే కదా. ఫ్యూజు ఉండేదే పోవడానికి అని ఏటా పిల్లలకు నవ్వుతూ చెప్తాను. కానీ మా ఊళ్లో మా నాన్న ఫ్యూజు పోయినప్పుడల్లా వైరులోంచి రాగిపోగులు నాలుగు లాగి, మెలిపెట్టి, "మల్ల పోకుండ సుట్టాలె" అంటూ చుట్టేవాడు. ఆ పొద్దు నా చేతులు పాఠం వినలేదు, నాన్న మాట విన్నాయి. మూలన పడి ఉన్న వైరు ముక్క ఒలిచి, లావుగా మెలిపెట్టి, తెల్లటి పింగాణి ఫ్యూజుకు చుట్టి లోపలికి నెట్టాను. దీపం మళ్లీ వెలిగింది. ఎంత అందంగా వెలిగిందో! కరెంటు రెండింతలైతే తీగలో వేడి నాలుగింతలు. ఈ ముక్క నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ గల్లీలో ఎవరూ లేరు.

పైకి పోయి స్నానం చేసి, పంచె కట్టుకుంటుంటే ఫ్యాను నెమ్మదించింది. రబ్బరు కాలిన వాసన వచ్చింది. మెట్లన్నీ ఎలా దిగానో గుర్తులేదు. సెల్లారులో పొగ, పొగలో ఎర్రగా బోర్డు. అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను.

ఇక్కడ కొంచెం ఆగండి, నాకు కూడా ఆగాలని ఉంది. పొగ కనబడుతుంటే మనిషి ముందు ఏం చేస్తాడు? అరుస్తాడు. ఇసుక బకెట్టు వెతుకుతాడు. నేను వంగి, మూత తీసి, ముల్లును పదహారు మీదికి తిప్పాను. ఆ తర్వాతే అరిచాను.

వాచ్‌మన్ వచ్చి ఇసుక చల్లాడు. మనుషులకు ఏమీ కాలేదు. బోర్డు కాలింది, లిఫ్టు మోటరు పోయింది, మూడు రోజులు కరెంటు లేదు. నాలుగో అంతస్తులో మోకాళ్ల నొప్పుల పెద్దావిడ ఆ మూడు రోజులూ కిందికి దిగలేదు.

యాదగిరి గంటలోపే వచ్చాడు. అందరూ చుట్టూ మూగారు. మాడిన బోర్డులోంచి ఆ ఫ్యూజు లాగాడు. పింగాణి ఒక పక్క నల్లగా ఉంది, ఇంకో పక్క తెల్లగానే ఉంది. లోపల లావుగా మెలిపెట్టిన రాగిపోగులు. అపార్ట్‌మెంట్ సెక్రెటరీ చూసి, "ఇంత లావు తీగె ఎవడన్న సుడతడా? పని రానోనికి పని ఇస్తే గిట్లనే అయితది" అన్నాడు. తెల్లగా ఉన్న వైపు, యాదగిరి వేళ్ల మధ్య, పసుపుతో పడ్డ ఒక బొటనవేలి ముద్ర కనబడింది. నాకు కనబడింది. ఆయనకూ కనబడింది.

"సార్, మీరేమన్న ముట్టిన్రా దీన్ని?"

"లేదు యాదగిరీ. నువ్వు పెట్టినట్టే ఉంది. కావాలంటే పెట్టె చూడు, పదహారు మీదనే ఉన్నది."

ఆయన పెట్టె వైపు చూడలేదు. నా చేతుల వైపు చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి. అప్పుడు ఆయన భుజం మీది తువ్వాల తీసి, ఆ పింగాణిని నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా తుడిచాడు. మరక పూర్తిగా పోయేదాకా తుడిచాడు.

"అయితే నా తప్పే అయ్యుంటది సార్" అన్నాడు.

ఎందుకు తుడిచాడు? ఈ ప్రశ్నతోనే నేను అయిదేళ్లు బతికాను. ఆయన కూతురు అప్పుడు నా దగ్గరే చదువుతోంది. బిడ్డకు చదువు చెప్పే మనిషిని పదిమందిలో అబద్ధాలకోరును చేయలేకపోయాడా? లేక నేనే నోరు తెరుస్తానేమోనని ఆ తుడిచినంతసేపూ నాకు వ్యవధి ఇచ్చాడా? అలా అనుకున్న రోజు నాకు అన్నం సయించదు. ఆ అమ్మాయి ఏడాది పొడుగునా మొదటి బెంచీలో కూర్చుంది. వేడి నాలుగింతలు అన్న పాఠం వచ్చినప్పుడు నేను వెనక్కి తిరగకుండా, బోర్డుకే చెప్పాను.

ఫిజిక్స్ సారే చెప్పిండు, ఇంకేం కావాలి అన్నారు అందరూ. వాచ్‌మన్‌తో థిన్నరు తెప్పించి గోడ మీద ఆయన పేరు తుడిపించారు. పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు కూడా తుడిచేశారు. నీలం రంగు పూర్తిగా పోక, మబ్బులాగా మిగిలింది. ఇరవై ఏళ్ల పేరు పోవడానికి ఒక వారం పట్టలేదు. తర్వాత ఆయన మా గల్లీలో కనబడలేదు. మేము తర్వాతి శుక్రవారం గుట్టకు పోయి కారుకు పూజ చేయించుకున్నాం. కొబ్బరికాయ కొట్టి, పళ్లెంలో పసుపు వైపు చూడకుండా కళ్లు మూసుకున్నాను. మా ఆవిడ అది భక్తి అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకుంటే ఒక కల వస్తుంది. సెల్లారు నిండా నీళ్లంత పలచటి పచ్చ వెలుగు. అందులో కార్లు చప్పుడు లేకుండా తేలుతుంటాయి. యాదగిరి మధ్యలో గొంతుక్కూర్చుని ఏదో తుడుస్తుంటాడు. నేను చెప్పాలనుకుంటాను. నోరు తెరిస్తే శబ్దం రాదు, నా కారుకు లాగానే. ఆయన తల ఎత్తడు. భయమేమీ ఉండదు ఆ కలలో, చాలా ప్రశాంతంగా ఉంటుంది. లేచాకే ఏడుపొస్తుంది.

ఒకసారి హయత్‌నగర్‌లో ఆయన్ని నిజంగానే చూశాను. రోడ్డు పక్క చిన్న కొట్లో కూర్చుని ఫ్యాను కాయిల్ చుడుతున్నాడు. జుట్టు తెల్లబడింది. ఆగాలనుకున్నాను. నా కాలు బ్రేకు మీదికి పోలేదు. పాత పెట్రోలు బండి అయితే చప్పుడుకు తల ఎత్తి చూసేవాడేమో. ఇది ఏ చప్పుడూ లేకుండా ఆయన్ని దాటేసింది.

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో ఇంకొకరు కరెంటు కారు కొన్నారు. పని ఎవరికివ్వాలని మాట వచ్చింది. ఎవరో పాత యాదగిరి పేరెత్తితే, "వద్దు వద్దు, ఆయన బోర్డు కాలబెట్టిండు, సార్‌కు ఎరికే" అన్నాడు సెక్రెటరీ. అందరూ నా వైపు తిరిగారు. నేను తల ఊపాను. ఎవరూ బలవంతపెట్టలేదు, పొగ లేదు, రాహుకాలం లేదు. అయినా ఊపాను. మొదటిసారి భయపడ్డాను అనుకోవచ్చు. రెండోసారికి ఏం పేరు పెట్టాలి?

మీ ప్రశ్నకు జవాబు ఇదీ. మీది తక్కువ తిరుగుడైతే చిన్నదే కొనండి. పెద్దదే కావాలంటే ముందు లోడు పెంచమని దరఖాస్తు పెట్టండి, కొత్త కేబులు లాగించండి, ఎర్తింగు గుంత తవ్వించండి, మంచి బ్రేకరు పెట్టించండి. అప్పటిదాకా సగం మీదే నడవనివ్వండి. జల్దీ ఏమీ లేదు. నా పేరున నలుగురూ చెప్పుకునే ఈ సలహాలో ఒక్క ముక్క కూడా నాది కాదు, అన్నీ యాదగిరి మాటలే.

పేరు దాచుకుని రాసిన ఈ కాగితంతో ఆయన పేరు గోడ మీదికి తిరిగి రాదు. అది తెలియనంత అమాయకుణ్ణి కాదు. క్షమించమని మిమ్మల్ని అడగను, మీరు క్షమిస్తే చెల్లదు. అయినా ఈ నాలుగు మాటలు బయటికి వస్తుంటే ఛాతీలో ఏదో వదులవుతోంది, అది నిజం. అయిదేళ్లలో ఒక్కసారి కూడా పైకి అనలేదు, గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు కూడా.

ముల్లు తిప్పింది నేను. ఆ తీగ చుట్టింది నేను. యాదగిరి పనిలో ఏ తప్పూ లేదు.