శుక్రవారపు షోర్వా

మా అమ్మకు షుగర్. ఈస్టరుకు ముందు నలభై రోజులు ఉపవాసాలుండే తపస్సు కాలంలో ఒకసారి జ్వరంతో లేవలేకపోతే నేనే కోడి షోర్వా కాచి తాగించాను. ఆ రోజు శుక్రవారం. తపస్సు కాలపు శుక్రవారాల్లో మేము కథోలికులం మాంసం ముట్టం. కానీ జబ్బుపడినవాళ్లకు ఆ నియమం లేదు. ఈ సంగతి మాకు నేర్పిందే మా గుడిలో మతపాఠాలు చెప్పే ఉపదేశి.

అయినా ఆదివారం పూజయ్యాక, ఫాదర్ లోపలికి వెళ్లగానే, షోర్వా సంగతి ఎవరి నోటో విన్న ఆ ఉపదేశే అందరి ముందూ అమ్మను నిలబెట్టాడు.

"ముసలిదానివైనా నాలుక సావలే నీకు! ఏసు సామి నీకోసం సిలువెక్కితే, నువ్వు శుక్రవారం పూట బొక్కలు జుర్రుకుంట కూసున్నవ్."

కొందరు నవ్వారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత నేనెంత బతిమాలినా వినకుండా ప్రతి శుక్రవారం మంచినీళ్లతోనే గడిపింది. గుడ్ ఫ్రైడే నాడు సిలువ మార్గం ఊరేగింపులో ఎండకు కుప్పకూలింది. తుంటి విరిగింది. పదకొండు నెలలు మంచంలో ఉండి కన్నుమూసింది. ఉపదేశి ఒక్కసారీ చూడటానికి రాలేదు.

నేను విందులకు వంట చేస్తాను. మూడేళ్ల తర్వాత దేవరయాంజాల్ దగ్గర ఒక ప్లాట్ల వెంచర్ ప్రారంభానికి మటన్ వండాను. మళ్లీ తపస్సు కాలమే, శుక్రవారమే. బంతిలో లీడర్ల పక్కన ఉపదేశి కూర్చుని తింటున్నాడు. మా గుడివాళ్లు ఇద్దరు ఎదురు వరుసలో ఉన్నారు. వడ్డించేవాళ్ల దగ్గర గిన్నె లాక్కుని నేనే వెళ్లాను. ఏరి ఏరి మూలుగ బొక్క ఆయన ప్లేటులో వేశాను.

"తినుండ్రి సారూ. మా అమ్మ పానం బాగలేక తాగింది. మీకేం రోగమొచ్చింది?"

"జర మెల్లగ మాట్లాడమ్మా, నలుగురున్నరు."

"ఆనాడు గుడిల గూడ నలుగురున్నరు సారూ."

ఎంగిలి చేత్తోనే లేచి వెళ్లిపోయాడు. ఆదివారానికల్లా గుడంతా తెలిసింది. ఇప్పుడు అల్వాల్ వైపు ఏదో గుడికి పోతున్నాడట. విన్నప్పుడు నా కడుపు చల్లబడింది.

ఈస్టరుకు ముందు ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఇదంతా చెప్పాను.

"బాధపడుతున్నవా?" అని ఫాదర్ అడిగారు.

"లేదు ఫాదర్. మల్ల దొరికితే మల్ల అంట."

"గట్లైతే పాపవిమోచనం ఇయ్యలేనమ్మా. అది లేకుండ సత్ప్రసాదం తీసుకోవద్దు. ఆ ఉపదేశి కోసం ఒక్క శుక్రవారం ఒక్కపొద్దుండు. మనసు కరిగినంక రా."

ఒక్కపొద్దున్నాను. సాయంత్రం దాకా ఆకలి తెలిసింది గానీ ఆయన బాగుండాలని ఒక్క మాట నోట రాలేదు.

ఈస్టరు పూజలో అందరూ ఫాదర్ ఇచ్చే సత్ప్రసాదపు అప్పానికి లేచారు. పక్కావిడ నాకు దారిస్తూ జరిగింది.

"నువ్వు పో అక్కా" అన్నాను.