తల్లి పట్టీ, కూతురి పట్టీ

ఆ కొట్టంలో పాలు తీసేది వదిన. మరిది యజమానే గానీ పొదుగు ముట్టుకోడు, ఫోను ముట్టుకుంటాడు. కొత్తగా పెట్టిన మీటరు ప్రతి ఆవునూ మెడపట్టీతో గుర్తుపట్టి, ఎన్ని పాలిచ్చిందో అతని ఫోనుకు చేరవేస్తుంది. పాలలో ఉప్పు పెరిగితే పొదుగువాపు వస్తోందని ఎర్రదీపం వెలిగిస్తుంది. మంచి యంత్రమే, అబద్ధమాడదు. ఆ పని మనుషులకు వదిలేసింది.

"పాలు తగ్గినదాన్ని ఎన్నాళ్లని మేపుతాం వదినా? నెలాఖరుకి ముసలిదాన్ని అమ్మేద్దాం," అన్నాడు మరిది.

భర్త పోయిన ఏడాది వదిన పిల్లల కడుపు నింపింది ఆ ఆవు పాలే.

ముసలిదానికో కూతురుంది. అవే మచ్చలు, అదే తన్నుడు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా! పాలు మాత్రం ధారాళం. వదిన ఒక ఉపాయం పన్నింది. ఒక పూట తల్లి పట్టీ కూతురికీ, కూతురి పట్టీ తల్లికీ వేసి పాలు తీసేది. మరుపూట ఎవరిది వాళ్లకే. ఫోనులో ఇద్దరి పాలూ ఇంచుమించు సమానమయ్యాయి. తల్లిని కూతురు కాక ఎవరు పోషిస్తారని తనకు తాను సర్దిచెప్పుకుంది.

"ముసలిది పుంజుకుందే! మీ చేతి చలవ వదినా," అని మరిది మురిసిపోయాడు.

ఆ మురిపెం తీరకముందే ఎర్రదీపం వెలిగింది, ముసలిదాని పేరు మీద. ఆ పూట ఆ పట్టీ కూతురి మెడలో ఉందని వదినకు తెలుసు. చెబితే ముసలిది అమ్ముడుపోతుందని దాచింది. పొదుగు ముట్టని మరిదే స్వయంగా వెళ్లి, ఏ రోగమూ లేని ముసలిదాని పొదుగులోకి మందు ఎక్కించాడు. పట్టీల మార్పు ఆపేస్తే పాలు పడిపోయి ముసలిది దొరికిపోతుంది. ఆపలేదామె. మరుపూట దీపం కూతురి పేరు మీద, ఆపై మళ్లీ తల్లి పేరు మీద.

"దీనికి పిచ్చెక్కినట్టుంది. మెకానిక్ వచ్చేదాకా పట్టించుకోకండి," అన్నాడు మరిది.

వదిన చాటుగా కూతురి పొదుగుకు వేడినీళ్ల కాపడం పెట్టింది. తెల్లారేసరికి పొదుగు రాయైంది, పాలు పచ్చటి ముక్కలుగా విరిగాయి. అప్పుడు మరిది దగ్గరికి పరుగెత్తింది.

"అబ్బాయ్, మీటరు మంచిదే. పట్టీలు మార్చింది నేను."

డాక్టరు రావడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. కూతురి ప్రాణం దక్కింది కానీ రెండు చన్నులు ఎండిపోయాయి. మరిది అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది. ఎవరి పట్టీ వాళ్లకే వేయించి, కొన్నాళ్లు ఫోను చూశాడు.

"ముసలిదే నయం వదినా. దీన్ని అమ్మేద్దాం," అన్నాడు.

వ్యాను వచ్చింది. మీటరు పట్టీ కొట్టం సొత్తు కదా, విప్పమన్నాడు. ఎన్నిసార్లు విప్పిందో ఆ పట్టీని! ఇవాళ ఓ పట్టాన ఊడి రాలేదు. తప్పు తనది, శిక్ష దానిది. ఎలాగో విప్పింది. కూతురు కదలకుండా నిలబడి, అలవాటు ప్రకారం రెండో పట్టీ కోసం మెడ చాచింది.