యోబు పేరు ఎందుకు కొట్టేశాను

పాస్టరుగా నాకు పేరు తెచ్చిన ప్రసంగం ఒక్కటే. ‘నిరాశకు ఆత్మీయ కారణాలు’ అని దానికి పేరు పెట్టుకున్నాను. తొంభైల చివర్లో, నల్లపాడు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక మిరప ఊళ్లో, ఆరు శుక్రవారాలు ఉపవాస ప్రార్థనల్లో చెప్పాను. సంఘం కోసమని అందరికీ చెప్పుకున్నాను. అది అబద్ధం. మా ఆవిడ కోసం చెప్పాను.

అంతకు ముందు ఏడాది మాకు బాబు పుట్టాడు. తొమ్మిదో రోజున గుంటూరు ఆస్పత్రిలో పోయాడు. అప్పటిదాకా సంఘంలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఆ తర్వాత నోరు విప్పలేదు. పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేది. మొదటి రెండు నెలలు అందరూ జాలిపడ్డారు. తర్వాత, “అమ్మగారికి ఇంకా ఆదరణ రాలేదా అయ్యగారూ?” అని అడగడం మొదలుపెట్టారు. మా వైపు సంఘాల్లో పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. అయ్యగారి ఇంట్లోనే దుఃఖం తీరకపోతే ఆయన చేసే ప్రార్థనకు విలువేముంటుంది? నాకు తల కొట్టేసినట్టుండేది. ఆవిడ బాధ కన్నా నా పరువే నన్ను ఎక్కువ పీడించిందని ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

నోటు పుస్తకంలో ఒక పేజీకి నడిమధ్య గీత కొట్టాను. ఎడమవైపు బైబిల్లో నిరాశలో పడ్డవాళ్ల పేర్లు, కుడివైపు కారణాలు. సౌలుకు అవిధేయత, కయీనుకు అసూయ, ఏలీయాకు భయం, యోనాకు మొండితనం, నయోమికి చేదు మనసు, దావీదుకు దాచుకున్న పాపం. రోగం, దాని మూలం చకచకా వచ్చేశాయి. నిజానికి నేను మొట్టమొదట రాసిన పేరు యోబుది. పిల్లలందరూ ఒక్కరోజే పోయి బూడిదలో కూర్చున్నవాడు. ఆయనకు ఎదురుగా ఏం రాయాలో తోచలేదు. ఆయన తప్పేమీ లేదని కథ మొదట్లోనే ఉంది మరి. చాలాసేపు కలం నమిలి, చివరికి యోబు పేరు కొట్టేశాను. కారణం దొరకని మనిషితో నాకేం పని? యోబును చూడ్డానికొచ్చిన స్నేహితులు తర్వాత ఎన్ని పిచ్చి మాటలు మాట్లాడినా, ముందు ఏడు రోజులు ఆయన పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు. మా ఆవిడ పక్కన నేను ఒక్క పూటైనా అలా కూర్చోలేదు.

కోతల కాలం అది. ఆడవాళ్లు పొద్దున్నే మిరపకోతకు వెళ్లి, మధ్యాహ్నానికి పని ఆపి మందిరానికి వచ్చేవారు. అరచేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని మోకరించేవారు. రేకుల కింద ఆ ఎండలో, ఆ మిరప ఘాటులో నేను గొంతు చించుకునేవాణ్ని. ఏలీయా చెట్టు కింద పడుకుని చావు కోరుకున్న సంగతి చెప్పిన రోజు, ఒక ముసలమ్మ గుమ్మం దగ్గర నన్ను ఆపింది.

“అయ్యగారూ, ఏలీయాని దేవదూత ఏమన్నా కోప్పడ్డాడా?”

“లేదమ్మా. తినడానికి రొట్టె పెట్టాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు.”

“మరి మీరు ఆ మాట చెప్పలేదేందండీ?”

నవ్వేశాను. వాక్యం లోతు ఈమెకేం తెలుసులే అనుకున్నాను. నా మొహం, నాకు తెలిసిందేమిటి?

మా మందిరంలో ప్రసంగం అయ్యాక ఒప్పుకోలు ఉండేది. వాక్యం ఎవరికి తగిలితే వాళ్లు లేచి తమ తప్పు బయటికి చెప్పాలి. చెప్పగానే అందరూ ఒక్క గొంతుతో “స్తోత్రం” అనాలి. అంటే ఆ మనిషికి విడుదల వచ్చిందని లెక్క. ప్రతి శుక్రవారం ఇద్దరు ముగ్గురు లేచేవారు. మా ఆవిడ లేచేది కాదు. ఇంటికొచ్చాక నేను ఊరుకునేవాణ్ని కాదు. ఆవిడ బియ్యం కడుగుతుంటే పక్కన నిలబడి, “గుర్తు తెచ్చుకో. ఏదో ఒకటి ఉంటుంది,” అనేవాణ్ని. ఆవిడ తల అడ్డంగా ఊపేది. మర్నాడు మళ్లీ అదే పాట. మెల్లగానే అనేవాణ్ని, ప్రేమగా కూడా అనేవాణ్ని. అదే నన్ను ఇప్పటికీ కాల్చుకు తింటుంది.

ఆరో శుక్రవారం దావీదు. పాపం దాచుకుంటే మనిషి లోలోపల ఎలా ఎండిపోతాడో చెప్పాలనుకున్నాను. కథ మొదటినుంచీ చదువుకుంటూ పోయాను. దావీదు తప్పుకు శిక్షగా పురిటిబిడ్డ జబ్బుపడటం, తండ్రి నేలమీద పడి ఉపవాసం ఉండటం, ఏడో రోజు బిడ్డ చనిపోవడం. మిగతా కథ ఏ గొంతుతో చదివానో అదీ అదే గొంతుతో చదివేశాను. ముందు వరసలో ఎవరు కూర్చున్నారో నాకు తట్టనే లేదు. ఇంత బుద్ధిలేని పని బోధకుడైనవాడే చేయగలడు. ఇంకెవరైనా ఆ పుట దాటేసేవాళ్లు.

ఆవిడ లేచింది. కొంగు నిండుగా కప్పుకుని, ఎవరివైపూ చూడకుండా చెప్పింది.

“కడుపుతో ఉన్నప్పుడు ఒకరోజు బోరింగు దగ్గర్నుంచి బిందె మోసుకొస్తా, ఈ బిడ్డ ఇప్పుడు నాకొద్దు అనుకున్నానండీ. అందుకే పోయాడు.”

“స్తోత్రం,” అంది మందిరం మొత్తం. నేనూ అన్నాను. అందరికన్నా గట్టిగా అన్నాను.

ఆ ఆదివారమే ఆవిడ మళ్లీ పాట ఎత్తుకుంది. నేను పొంగిపోయాను. తర్వాత ఏడెనిమిదేళ్లు ఆ ప్రసంగం పట్టుకుని చీరాల, తాడేపల్లి, చీమకుర్తి, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్లాను. “ఇది మా ఇంట్లోనే జరిగింది,” అని ఆవిడ ఒప్పుకోలు చెప్పేవాణ్ని. ఆవిడ ముందు వరసలో తల వంచుకుని వినేది.

చీమకుర్తిలో ఒకసారి కూటం అయ్యాక, గ్రానైటు క్వారీలో పనిచేసే ఒకతను వచ్చాడు. చేతుల మీద రాతి దుమ్ము ఇంకా పోలేదు. అతని కూతుర్ని నెల కిందట లారీ గుద్దేసింది. అతను ఏడవలేదు.

“నేనేం తప్పు చేశానో ఎంత ఆలోచించినా తెలవట్లేదయ్యగారూ. మీరే చెప్పండి,” అన్నాడు.

అతని తప్పు కాదని నాకు తెలుసు. నోటు పుస్తకంలో గీత కొట్టి రాసుకున్న ఆ పేజీ అంతా తప్పని కూడా అప్పుడే అర్థమైంది. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ ముందుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

“గుర్తు తెచ్చుకో నాయనా. ఏదో ఒకటి ఉంటుంది,” అంది.

మెల్లగా, ప్రేమగా అంది. అచ్చం నేను అన్నట్టే.

అతనికి నేనేం చెప్పానో సరిగా గుర్తు లేదు. నీ తప్పు కాదనే చెప్పాను, కానీ అతను నా మాట వినలేదు. ఆవిడ మాటే పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతను ఏమయ్యాడో తెలియదు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్లి ఆవిడతో చెప్పేశాను.

“నేను చెప్పింది తప్పు. నువ్వు అనుకున్నదానికీ, బాబు పోవడానికీ ఏ సంబంధమూ లేదు. నీ తప్పేం లేదు.”

ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. కనీసం ఏడుస్తుందనుకున్నాను. పొయ్యి తగ్గించి నావైపు తిరిగింది. భయపడ్డ మొహం.

“అట్లా అనమాకండి. నా తప్పుకే దేవుడు తీసుకెళ్లాడని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నా. నా తప్పేం లేకపోతే, మరి నా బిడ్డనెందుకు తీసుకెళ్లినట్టండీ?”

ఆవిడ నిజంగానే అడిగింది. జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ నిలబడింది.