పెద్దాయన నాకు దానమిచ్చిన నా కథ

ఆ రోజుల్లో కథ రాయడం కన్నా లైసెన్సు లేకుండా లారీ నడపడం సులువు. లారీవాణ్ణి టెక్కలి జంక్షన్లో ఒక్కసారి ఆపి వదిలేసేవారు, కథ రాసేవాణ్ణి వాక్యానికోసారి ఆపేవారు. మా టెక్కలి కథకుల సంఘంలో కొత్తవాళ్ళకి నియమాలుండేవి. కథ వానతో మొదలుపెట్టకూడదు. మధ్యలో రచయిత తల దూర్చి పాఠకుడితో కబుర్లాడకూడదు. చివర తేల్చకుండా వదిలెయ్యకూడదు. ఈ నేరాలకి నావి నూరు కథలు తిప్పికొట్టారు (నూరు కాదు, నాలుగు. అందులో ఒకటి నేనే సిగ్గుపడి వెనక్కి తెచ్చుకున్నాను). అదే మా అధ్యక్షుడు, అందరం పెద్దాయన అని పిలిచే పేరుమోసిన రచయిత, ఆ మూడు పనులూ చేస్తే ‘శైలి’ అనేవారు. నేనప్పుడు పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తాని. అక్కడ పప్పుని గుండు, బద్ద, ముక్క అని వేరుచేసేవారే గాని ఏ తోటదని అడిగేవారు కాదు. సంఘంలో ముందు తోట ఎవరిదో అడిగి, ఆ తర్వాత పప్పు చూసేవారు.

ఆ ఏడాది సంఘం కథల పుస్తకం వేస్తోంది. బారువ పక్క ఊళ్ళో జీడితోట చూసుకునే మా నాన్న అప్పటికే గడువు పెట్టేశాడు. "ఈపాలి పుస్తకంలో నీ పేరు సూపించు. నేదంటే ఆ కాగితాలన్నీ పొయ్యిలోకి, నువ్వు తోటలోకి." దాంతో ఉక్రోషం పుట్టి, నియమాలన్నీ కావాలనే తొక్కి ఒక కథ రాశాను. సుమ్మాదేవి స్టేషన్లో పాసింజరెక్కిన ఎండుచేపలమ్మే ఆడమనిషి, ఆ వాసనకి పెట్టె అంతా ఖాళీ అయిపోతే, బెంచీ మీద మహారాణిలా కాళ్ళు జాపుకుని పోయే కథ. జోరువానతో మొదలై, మధ్యలో నేను దూరి, ఏ స్టేషనూ రాకుండానే ఆగిపోతుంది.

సభ టెక్కలిలో ఒక కిరాణా కొట్టు మేడమీద, నడి వేసవిలో. జనం మెట్ల మీదా కిక్కిరిసిపోయారు (డజను మంది ఉంటారేమో. మెట్ల మీద ఉన్నది బియ్యం బస్తాలు మోసి అలిసిపోయినవాళ్ళు). పెద్దాయనకి కానుకగా బుట్టెడు జీడిమామిడి పళ్ళు పట్టుకెళ్ళాను. అవి ఉప్పద్దుకుని ఒకటో రెండో తినాలని ఉద్దానంలో పాకే పిల్లకి కూడా తెలుసు. పట్నంలో పెరిగిన పెద్దాయనకి తెలీదు. సభ మొదలయ్యేలోగా సగం బుట్ట లాగించేశారు. ఆ వగరుకి గొంతు పట్టేసింది. నోరు తెరిస్తే కీచుమని గాలి తప్ప మాట రాలేదు.

పక్షపాతం ఉండకూడదని మా సంఘంలో కాగితాల మీద పేర్లు రాయనిచ్చేవారు కాదు. చదివే ముందు మాత్రం ఎవరిదో గట్టిగా ప్రకటించేవారు. చదివేది మా కార్యదర్శి. ఎవరినీ కత్తిరించకుండా వదలడని ఆయన్ని కత్తెర మావ అనేవాళ్ళం. పెద్దాయన కథలకి సాపు ప్రతి రాసిపెట్టేది నేనే కాబట్టి ఆయనదీ నాదీ రెండు కథలూ నా దస్తూరీలోనే ఉన్నాయి. "ముందుగా మన పెద్దాయన కథ" అని మావ ఎత్తుకున్నది నా వానని!

లేవబోయాను. పక్కనున్న మా సంఘం సభ్యుడు, బడి మాస్టారు, చొక్కా పట్టి లాగాడు. "కూకోరా! పెద్దాయన కథవుతంటే మద్దెన లేత్తావేటి?" పెద్దాయన వంక చూశాను. ఆయన కనుబొమలు పైకి లేచాయి గాని, చప్పట్లు పడేసరికి వాటంతటవే దిగిపోయాయి.

మావాళ్ళకి మెచ్చుకోవడానికి పుస్తకాల భాష, తిట్టడానికి మన భాష. "అది వర్షం కాదు, ఆ స్త్రీ అంతరంగం" అన్నాడు మాస్టారు. "రచయిత నడుమ ప్రవేశించుట ఎంతటి సాహసం! ముగింపును మనకే విడిచిపెట్టుట ఎంతటి ఔదార్యం!" అని కత్తెర మావ కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత నా పేరు చెప్పి రెండో కథ ఎత్తుకున్నాడు. అందులోనూ వానే. చదవడం కాగానే కాగితాలు బల్ల మీద కొట్టాడు. "ఏట్రా ఇది? కథనుకున్నావా, రేడియోలో తుపాను కబురనుకున్నావా? మద్దెన నువ్వెందుకు దూరినావు, నిన్నెవుడు పిలిసినాడు?"

"సివర నేదేటి? కాగితాలైపోనాయా?" అన్నాడు మాస్టారు.

పెద్దాయన లేచి చేతులూపారు, కీచుమన్నారు. "సూడు, నీ కథకి పెద్దాయన గొంతు కూడా పూడుకుపోనాది!" అన్నాడు మావ. ఇక పెద్దాయన ఆగలేదు. (నిజాయితీ అనుకునేరు. తన కథని తిడుతుంటే ప్రాణం ఒప్పలేదు, అంతే.) మొదటి కట్ట తీసి నా గుండెకేసి కొట్టి, రెండోది లాక్కుని తన గుండెకి హత్తుకున్నారు.

మావ మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు. "సూసినార్రా? కుర్రోడి మొకం సూల్లేక తన కథ వోడికిచ్చీసి, వోడి సెత్త తన నెత్తినెట్టుకున్నాడు! కర్ణుడు!"

"కాదు మావా, అది నాదే!" అని అరిచాను.

"అవున్రా, ఇకమీదట నీదే" అని వీపు తట్టాడు మావ.

పెద్దాయన గొంతు విచ్చుకోగానే పరిగెత్తుకెళ్ళి నిజం చెప్పమని బతిమాలాను. ఆయన తాపీగా మిరియాల పాలు తాగారు. "నిజం చెబితే నీ కథ గొప్పదై, నా కథ చెత్తవుతుంది. ఇప్పుడైతే నీకు పుస్తకంలో చోటు దొరికింది, నాకు కర్ణుడి బిరుదొచ్చింది. ఎందుకోయ్ చెడగొట్టుకోవడం?" అన్నారు. మావ తిట్టిన ఆ రెండో కథనే ఆయన ఒక వారపత్రికకి పంపితే బొమ్మతో సహా వేశారు. "పెద్దాయన తిరగరాసినాక ఎంత మారిపోనాదో!" అని మావ మురిసిపోయాడు. ఒక్క అక్షరం మారలేదు. సాపు రాసినవాణ్ణి, నాకు తెలీదా?

పుస్తకం వచ్చింది. కథ మీద నా పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో ‘పెద్దాయన కథాదానం’. నాన్న నా పేరు మీద వేలుపెట్టి చూసుకున్నాడు. కింది ముక్క మా చెల్లి చేత చదివించుకున్నాడు. కాగితాలు పొయ్యిలోకి పోలేదు, నేను తోటలోకి పోలేదు. కాని "పేరు నీదేరా, ఒప్పుకున్నాను. మరి కథెవుడిది?" అని మాత్రం అడిగాడు.

ఆ తర్వాత లెక్కలేనన్ని రాశాను (లెక్కుంది, చెప్పుకునేంత లేదు). ఇప్పటికీ పలాసలో ఎవరో ఒకరు ఆపి, "తాతా, నీ కథల్లో ఆ ఎండుచేపల కథొక్కటే బాగుంటాది. పెద్దోరి సెయ్యి పడితే అలగే ఉంటాది మరి" అంటారు. అది నాదేనని ఒట్టేసి చెబితే నవ్వుతారు. ఇన్ని కోతలు కోసి ఇన్నిసార్లు దిగొచ్చేవాడి ఒట్టు ఎవరు నమ్ముతారు? చెమటకి చొక్కా వీపుకంటుకుపోయి, ఆ మేడమీద నిలబడి "అది నాదే" అని అరుస్తున్న కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. ముందు నవ్వొస్తుంది, తర్వాత కాస్త జాలేస్తుంది. పాపం, వాడి మాట నమ్మేవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే మిగిలాను.